భుజం దాటిన గోడ

ఒక ఆదివారం ఉదయం సీలింగు మేస్త్రి చేతిలోంచి నాలుగంగుళాల బ్రష్షు జారి, కింద కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్న ఇంటి యజమాని బట్టతల మీద పడింది. నడినెత్తి నుంచి నుదుటి దాకా చక్కటి చార గీసి, అక్కణ్ణుంచి ఆయన ఒళ్ళోకి దిగింది. రంగు లేత ఆకాశం. యజమాని రిటైరైన లెక్కల మాస్టారు. పనివాళ్ళ మీద ఓ కన్నేసి ఉంచాలని కుర్చీని సరిగ్గా మేస్త్రి నిలబడ్డ పలక కిందే వేయించుకున్నారు. ఆయన తల తడుముకుని, వేళ్ళకంటిన రంగు చూసుకుని, "దీనికి రెండో కోటింగు కూడా ఉందా?" అని మాత్రం అడిగారు. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ కలిసి ఫొటో దిగారు. అందులో టోపీ పెట్టుకున్నది ఆయనొక్కరే.

కింద పనిచేస్తున్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వనివాడు మేస్త్రి ఒక్కడే. రెండు నిచ్చెనల మధ్య పలక మీద నిలబడి, తన కుడిచేతిని ఎవరిదో చెయ్యి అన్నట్టు చూస్తూ ఉండిపోయాడు. జారింది బ్రష్షు కాదు, చెయ్యి. పైకి పొమ్మంటే కిందికి వచ్చింది. ఇన్నేళ్ళలో అది అతని మాట కాదనడం అదే మొదలు.

గోడలకు రంగు ఎవరైనా వేస్తారు. గోడ బుద్ధిగా మనిషి ముందు నిలబడుతుంది. సీలింగు అలా కాదు, మనిషి నెత్తినెక్కి కూర్చుంటుంది. మెడ వెనక్కి వాల్చి, చెయ్యి తలమీదికెత్తి, కళ్ళల్లో పడే చుక్కల్ని రెప్పలతోనే తుడుచుకుంటూ, ఈ మూల మొదలుపెడితే ఆ మూల దాకా ఆగకూడదు. ఒక పట్టీ అంచు ఆరేలోపు పక్క పట్టీ వెళ్ళి దాన్ని అందుకోవాలి. మధ్యలో టీకి దిగారో, అతుకు పడుతుంది. ఇల్లున్నంతకాలం, పొద్దున కిటికీలోంచి ఏటవాలుగా వెలుగు పడ్డప్పుడల్లా ఆ అతుకు కనబడి, ఫలానా చోట మేస్త్రి టీ తాగాడని వచ్చేపోయేవాళ్ళకి చెబుతూనే ఉంటుంది. మన మేస్త్రి వేసిన సీలింగుల్లో అలాంటి చాడీ ఏదీ ఉండదు. అందుకే సీలింగు మేస్త్రి అన్న పేరు. పొడుగు కర్రకు తగిలించిన రోలరు ఇస్తే, "ఇది ఇల్లు తుడుచుకునేది, ఇంట్లో ఇవ్వు" అనేవాడు.

ఎక్కడికెళ్ళినా ముందు పైకి చూడటం అతనికి అలవాటు. ఆస్పత్రిలో పురిటిబిడ్డను చూడబోయినా, చావింటికి పలకరింపుకు వెళ్ళినా అంతే. "మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు కూడా నన్ను చూడలేదు, మా సీలింగు చూశారు" అని భార్య దెప్పుతుండేది. అది అబద్ధమని అతను ఏనాడూ అనలేదు. నిన్ను తర్వాత చూశాగా, అనేవాడు.

ఆ ఏడాది ఊళ్ళోకి ఒక జ్వరం వచ్చింది. టీకా వేయించుకోని వాళ్ళని పెద్ద భవనాల్లో పనికి రానివ్వబోమన్నారు. పనివాళ్ళు ఇంట్లోవాళ్ళతో సహా వరసకట్టారు. భార్యకు సూదంటే ప్రాణం పోతుంది. "ముందు నేను వేయించుకుంటా, నన్ను చూసి నువ్వు వేయించుకో" అని మేస్త్రి చొక్కా చెయ్యి మడిచాడు. సూది వేసిన సిస్టరు పద్ధతైన మనిషి. దూదితో తుడిచి, వెయ్యాల్సిన చోట వేసి, చీమ ఇంతకన్నా గట్టిగా కుడుతుందంది. నిజమే. భార్యకు ఒళ్ళు కూడా వెచ్చబడలేదు. వరసలో నిలబడ్డ వాళ్ళెవరికీ ఏమీ కాలేదు. జ్వరం వాళ్ళ వీధి మొదటి దాకా వచ్చి, పని లేదని వెనక్కి తిరిగింది కూడా.

మేస్త్రికి మాత్రం కొన్నాళ్ళకి కుడి భుజంలో కాలిన చువ్వ దించి తిప్పినట్టు నొప్పి పుట్టింది. గోడకానుకుని కూర్చునే నిద్రపోయేవాడు. ఆ తర్వాత నొప్పి దానంతటదే పోయింది. అద్దెకున్నవాడు చెప్పకుండా ఖాళీ చేస్తూ ఇంటివాళ్ళ సామాను కూడా పట్టుకుపోయినట్టు, పోతూ పోతూ భుజంలో ఉన్న బలమంతా మూటగట్టుకుపోయింది. మాస్టారి బట్టతల సంగతి జరిగింది అప్పుడే.

నరాల డాక్టరు చేతికి వైర్లు తగిలించి పరీక్షలు చేసి చెప్పాడు: టీకా వేసుకున్న లక్షల మందిలో ఏ ఒక్కరికో భుజం నరాలు ఇలా వాస్తాయట. కొందరికి బలం తిరిగొస్తుంది, కొందరికి సగమే వస్తుంది, కొందరికి అదీ రాదు. "లాటరీ టిక్కెట్టు కొన్నన్నాళ్ళు ఈ అదృష్టం ఎక్కడ దాక్కుందండీ?" అన్నాడు మేస్త్రి. డాక్టరు నవ్వాడు. భార్య నవ్వలేదు.

పని ఇచ్చే కాంట్రాక్టరు పరాయివాడు కాదు, సొంత తోడల్లుడు, భార్య అక్క మొగుడు. మనిషి చెడ్డవాడు కాదు గానీ, తనకు రాని రోగం లోకంలో లేదనుకునే రకం. "అరిగిపోయావు తమ్ముడూ. ముప్ఫై ఏళ్ళు ఎత్తిన చెయ్యి అరగదా? వయసని ఒప్పుకుంటే పోయేదానికి ఆ సూదినెందుకు ఆడిపోసుకుంటావు?" అన్నాడు మొదట. తర్వాత, ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని నలుగురిలో అన్నాడు. ఆ తర్వాత అన్నది మేస్త్రి ఎదురుగా అనలేదు. పని దొంగ అన్నాడట. ఆ మాట వదినగారి నోట బయల్దేరి, ఫోన్లో చెల్లెలి చెవిన పడి, అన్నం పెడుతున్నప్పుడు గరిటె చప్పుడులో మేస్త్రికి వినబడింది. ఆ పూట రెండోసారి వడ్డించుకోలేదు.

అప్పట్నుంచి అతనికి గేట్లూ, కిటికీ చువ్వలూ, గోడల కింది సగమూ మిగిలాయి. భుజం దాటిన గోడ మరొకరిది. కిందనుంచి వేసుకుంటూ వచ్చి, రొమ్ము ఎత్తు దగ్గర ఆగిపోయి, పక్కకు జరిగి నిలబడేవాడు. అక్కణ్ణుంచి పైకి కుర్రమేస్త్రీలు రోలర్లతో పోనిచ్చేవారు. సీలింగు మీద ఒక చోట ఆగి వాళ్ళు ఫోను మాట్లాడుతుంటే, అంచు ఆరిపోతుండటం కింద నుంచి అతనికి కనబడేది. ఆరిపోతోందర్రా, అని ఒకసారి అన్నాడు. ఇంకోసారి అనలేదు. ఎంగిలి విస్తరి ముందు ఆకలిగొన్నవాడు కూర్చున్నట్టు కూర్చుని, గేటు చువ్వలు లెక్కపెట్టుకునేవాడు.

ఇంట్లో మరో రకం. చొక్కా ఎడమచెయ్యి తనే దూర్చుకునేవాడు, కుడిచెయ్యి ఆవిడ దూర్చాలి. తల ఆవిడే దువ్వేది. దువ్వుతున్నంతసేపూ, ఫొటో స్టూడియోలో కూర్చున్న పెళ్ళికొడుకులా బిగుసుకుని కళ్ళు మూసుకునేవాడు. పాపిడి ఎటు తియ్యాలని ఆవిడ అడిగితే, నీ ఇష్టం అనేవాడు. ఎడమచేతిలో సంచీ ఉంటే బస్సులో పైకమ్మీ పట్టుకోలేక, బ్రేకు పడ్డప్పుడల్లా ఎవరో ఒకరి మీద పడి, ఒక పెద్దావిడ చేత చివాట్లు తిన్నాడు. చెయ్యి బాలేదని చెబితే సరిపోయేది. చెప్పలేదు. తప్పయిపోయిందమ్మా అన్నాడు, పోకిరీవాడిలా.

టీకా వల్ల నష్టపోయినవాళ్ళకి, ఎవరి తప్పూ లేకపోయినా, పరిహారమిచ్చే ట్రిబ్యునల్ ఒకటుందని నరాల డాక్టరే చెప్పాడు. వకీలమ్మ ఆఫీసు జిరాక్సు షాపు పైన. చిన్న వయసే అయినా గడుసుది. మొదటి రోజు ఆవిడ ఏది అడిగినా మేస్త్రి పైకి చూసి జవాబు చెబుతుంటే, ప్రతి మాటకీ దేవుణ్ణి సాక్ష్యం పిలుస్తున్నాడనుకుంది. కాదట. ఆవిడ నెత్తి మీద పెచ్చులూడుతోందట, లప్పం పెట్టకుండా రంగేసి పోయారట. ఎంత నష్టపరిహారం ఆశిస్తున్నారని ఆవిడ అడిగింది.

"ఆ సంగతి మీరు చూడండమ్మా. ఇతను పని ఎగ్గొట్టలేదు, ఇతని చెయ్యే లేవలేదు అని ఒక పెద్దమనిషి నలుగురి ముందు అనాలి. మా తోడల్లుడు వినాలి. నాక్కావల్సింది అది."

వకీలమ్మ అది రాసుకోబోయి, ఫారంలో ఏ గడిలో రాయాలో తెలియక కలం మూసింది.

ముందు డాక్టర్ల బోర్డు పరీక్ష. ఆ రోజు భార్య అతనికి ఇస్త్రీ చొక్కా తొడిగి, నున్నగా దువ్వి, లోపలికి పంపి, బయట బల్ల మీద కూర్చుంది. బోర్డులో పెద్దాయన మర్యాదస్తుడు. "రండి, ఎలా ఉన్నారు?" అన్నాడు. మీ దయవల్ల బాగానే ఉన్నానండీ, అన్నాడు మేస్త్రి. చెయ్యి ఎత్తమన్నారు. ఇంటి యజమాని ఎదురుగా 'నావల్ల కాదు' అన్న మాట ఇన్నేళ్ళలో అతని నోట రాలేదు. ఇప్పుడూ రాలేదు. నడుము ఓ పక్కకు వంచి, భుజాన్ని చెవిదాకా ఎగరేసి, ఊయల ఊపినట్టు ఒక్క విసురు విసిరాడు. చెయ్యి చెంపదాకా వెళ్ళి దబ్బున పడింది. చూశారా, అన్నట్టు నవ్వాడు కూడా. నొప్పికి కళ్ళల్లో తిరిగిన నీళ్ళని, రంగు చుక్కల్ని తుడుచుకున్నట్టు, రెప్పలతోనే తుడుచుకున్నాడు.

ఆ రిపోర్టు చేతికొచ్చిన రోజు వకీలమ్మ తల పట్టుకుంది. చెయ్యి ఓ మోస్తరుగా లేస్తోందనీ, బాగానే ఉన్నానని మనిషి స్వయంగా చెప్పాడనీ అందులో ఉంది.

"మేస్త్రిగారూ, మీరు ఎవరి తరఫున సాక్ష్యం చెప్పొచ్చారు?"

"ఎలా ఉన్నారని అడిగితే, బాలేదని ఎలా చెప్తామమ్మా? ఆయనేమన్నా చుట్టమా?"

చుట్టాలకి మాత్రం చెప్పారా, అని భార్య పక్కనుంచి మెల్లిగా అంది. మేస్త్రి ఇంటికి వెళ్ళేదాకా బస్సు కిటికీలోంచి మేడల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ మేడల్లో మూడిటి లోపలి సీలింగులు అతనివే. ఫలానా గదిలో పొద్దున వెలుగు ఎటునుంచి పడుతుందో ఇప్పటికీ చెప్పగలడు. లోపలున్నవాళ్ళు పైకి చూస్తారో లేదో అతనికి తెలియదు. చూడకపోవడమే పని బాగున్నదానికి గుర్తని తోటివాళ్ళతో అంటుండేవాడు. ఆ రోజు మాత్రం ఎవరైనా ఒక్కసారి చూస్తే బాగుండుననిపించింది.

విచారణ రెండుసార్లు వాయిదా పడి, మూడోసారి జరిగింది. ఒక పొడుగాటి గది. పెద్ద బల్ల వెనక జడ్జిగారు, తెల్లజుట్టు ఆవిడ. ఒక పక్క టైపు చేసే అతను. రెండో పక్క అవతలి వకీలు, మెరూన్ రంగు టై కట్టుకుని, తీరుబడిగా ఉన్నాడు. నరాల డాక్టరు వచ్చి, పరీక్షల్లో తేలింది చెప్పి వెళ్ళాడు. టీకా వేసిన సిస్టరు కూడా వచ్చింది. తను వేసింది నిజమనీ, టీకాకు ముందు అతను ఆరోగ్య కేంద్రం సీలింగుకి రంగు వేస్తుంటే తనే చూశాననీ చెప్పింది. ఆమె దిగి వెళ్తుంటే మేస్త్రి లేచి నిలబడి, మీ తప్పేం లేదు సిస్టరూ, అన్నాడు. వకీలమ్మ అతని చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టింది.

అవతలి వకీలు చెప్పేది తోడల్లుడు చెప్పేదే, కాకపోతే ఇస్త్రీ చేసి చెప్పాడు. సీలింగులు వేసేవాళ్ళ భుజాలు అరగడం మామూలే. నొప్పి అప్పుడే రావడం కాకతాళీయం. పైగా బోర్డు ముందు చెయ్యి ఎత్తాడు, బాగున్నానన్నాడు. భార్య వెనక బల్ల మీద కూర్చుని కొంగు మెలిపెడుతోంది. ఇదంతా మేస్త్రి వింటున్నాడో లేదో తెలియదు. మెడ వెనక్కి వాల్చి పైకి చూస్తున్నాడు.

"అటేం చూస్తున్నారు?" అని అడిగారు జడ్జిగారు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

మేస్త్రి ఉలిక్కిపడి లేచాడు. క్షమించండమ్మా, అలవాటు, అన్నాడు. మళ్ళీ ఉండబట్టలేక, "ఇది వేసినతను మధ్యలో దిగిపోయాడండీ. మళ్ళీ వచ్చేసరికి అంచు ఆరిపోయింది. అక్కడ అతుకు పడింది" అన్నాడు.

"ఎక్కడ? నాకేం కనబడ్డం లేదే."

"అదిగోనండీ, అక్కడ. ఫ్యానుకి ఇవతల, రవ్వంత నలుపుగా..."

అని కుడిచెయ్యి ఎత్తి వేలు చూపించాడు. అతని లెక్కలో ఎత్తాడు. మనసు అప్పటికే పలక ఎక్కి అంచు ముట్టుకుని చూస్తోంది. చెయ్యి మాత్రం బొడ్డు దాటి కాస్త లేచి, అక్కడే నిలిచిపోయింది. వేలు సరిగ్గా అవతలి వకీలు టై వైపు చూపిస్తోంది. వకీలు కంగారుగా తన టై చూసుకున్నాడు. టైపు చేసే అతనూ చూశాడు. గదిలో అందరూ ఆ మెరూన్ టై మీద అతుకు కోసం వెతికారు.

"కనబడిందాండీ? పొద్దున వెలుగులో అయితే ఇంకా బాగా..." అంటూ మేస్త్రి చూపు కిందికి దించాడు. అప్పుడు చూసుకున్నాడు, తన వేలు ఎక్కడుందో.

అతను ఆ చెయ్యి దాచుకోలేదు. నడుము వంచలేదు, విసరలేదు. ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని, నిద్రపోతున్న బిడ్డను భుజానికెత్తుకున్నట్టు మెల్లిగా పైకెత్తి, సీలింగు వైపు చూపించాడు.

"అక్కడండీ" అన్నాడు.

జడ్జిగారు కళ్ళజోడు సర్దుకుని పైకి చూశారు. అవునని తలూపారు. తర్వాత ఆ చెయ్యి ఎంతవరకు లేచిందో, తాము చూసింది చూసినట్టుగా, ఒక్కో మాటా ఆపి ఆపి, టైపు చేసే అతనికి చెప్పారు. అవతలి వకీలు ఇక అడగాల్సింది ఏమీ లేదని కూర్చున్నాడు. కూర్చుంటూ అతనూ ఓసారి పైకి చూశాడు.

తీర్పు రోజున తోడల్లుణ్ణి వదినగారు రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. జడ్జిగారు చదివి వినిపించారు. పరీక్షలూ, డాక్టరు మాటా, నొప్పి వచ్చిన సమయమూ అన్నీ కలిపి చూస్తే ఈ నరాల దెబ్బ టీకా వల్లనే తగిలిందనీ, పని ఎగ్గొట్టాడన్న మాటకు ఆధారం లేదనీ, పరిహారం ఇవ్వాల్సిందేననీ అన్నారు. ఎంతన్నదీ చదివేటప్పటికి మేస్త్రి వినడం మానేశాడు. తోడల్లుడి మొహం చూస్తున్నాడు. ఆ మొహం కాసేపు గోడవైపు తిరిగి, కాసేపు చెప్పుల వైపు తిరిగి, చివరికి మేస్త్రి వైపు తిరిగింది.

"మరి ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా తమ్ముడూ" అన్నాడు.

చెప్పనందుకు మేస్త్రి మన్నించమన్నాడు. ఇద్దరూ కలిసి టీ తాగారు. తర్వాత నెలలో తోడల్లుడి మనవడికి టీకాలు వేయించాల్సి వస్తే, భయపడి చేతులు పిసుక్కుంటున్న ఆ పెద్దమనిషిని పక్కన కూర్చోబెట్టి, పిల్లవాణ్ణి ఎడమచేత్తో ఒళ్ళో పెట్టుకుని వేయించినవాడు మేస్త్రే.

కానీ తీర్పు వచ్చిన మర్నాడు పొద్దున ఒకటి జరిగింది. భార్య పెరట్లో బట్టలు ఉతుకుతోంది. ఇంట్లో ఎవరూ లేరనుకుని, మేస్త్రి ముందుగది మధ్యలో నిలబడి, చుట్టూ చూసి, కుడిచెయ్యి ఎత్తాడు. ఎందుకెత్తాడంటే ఏం చెబుతాం. జడ్జిగారంతటి మనిషి అందరి ముందు ఒప్పుకున్నారు కదా, ఆ చెయ్యేమన్నా ఆలకించిందేమోనని. చెయ్యి ఎప్పటిలాగే బొడ్డు దాటి ఆగిపోయింది. కాసేపు దాన్ని అక్కడే ఉండనిచ్చి, దించి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. తడిబట్టల బక్కెట్టుతో గుమ్మంలోకి వచ్చిన భార్య అంతా చూసింది. చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళి, కాసేపాగి, ఈసారి బక్కెట్టు గట్టిగా చప్పుడయ్యేలా పెడుతూ వచ్చింది.

ఆ వారంలోనే ఆవిడ ఒక తేలికపాటి నిచ్చెనా, ఒక డబ్బా తెల్లరంగూ కొనుక్కొచ్చింది. ఊరందరి సీలింగులూ వేసిన మనిషి సొంతింటి ముందుగది ఇరవై ఏళ్ళుగా పొగచూరి, ఎప్పుడడిగినా వచ్చే నెల అనిపించుకుంటూ ఉండిపోయింది. ఇప్పుడు ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, తలకు తువ్వాలు చుట్టి, అతని నాలుగంగుళాల బ్రష్షు పట్టుకుని నిచ్చెన ఎక్కింది. ఆడది నిచ్చెనెక్కితే వీధిలోవాళ్ళు ఏమనుకుంటారు, దిగమన్నాడు మేస్త్రి. దింపడానికి మీకు చేతులెక్కడివి, నోరు మూసుకుని నిచ్చెన పట్టుకోండి, అంది ఆవిడ. ఎడమచేత్తో పట్టుకున్నాడు.

మొదటి పట్టీ బాగానే పోయింది. రెండో పట్టీకి సలహాలు మొదలయ్యాయి. బ్రష్షు అంత ముంచకు. మణికట్టు వదులు చెయ్యి. కళ్ళు నలపకు, రెప్ప వెయ్యి. ఆగకు, ఆగకు, ఆరిపోతుంది. అతని తల వెనక్కి వాలిపోయింది, నోరు తెరుచుకుంది. పైన బ్రష్షు ఎటు కదిలితే కింద అతని వేళ్ళు అటు కదులుతున్నాయి. మొహం మీద తెల్లచుక్కలు పడుతున్నా తుడుచుకోవడం లేదు. రంగు వాసనకో దేనికో ఊపిరి నిండుగా తీసుకుంటున్నాడు. నాలుగో పట్టీ మధ్యలో ఆవిడకు భుజం లాగేసింది, మెడ పట్టేసింది, ఓపిక అయిపోయింది. చెయ్యి ఆపకుండానే కిందికి కసిరింది.

"పైనున్నవాళ్ళకి తెలుస్తుంది బాధ. కిందుండి చెప్పడం తేలికే."

మేస్త్రి తడి అంచు మీంచి చూపు తిప్పలేదు.

"అది తేలికని నీకెవరు చెప్పారే?" అన్నాడు.